అభ్యర్థి పాఠం: లినక్స్ వ్యవస్థలో ప్యాకేజీ వెర్షన్ల ఎంపిక – పరిష్కరణ దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్య పరిశోధనలో పదగణన, పదప్రయోగ సూచికల నిర్మాణం, పాఠాల పోలిక వంటి పనులకు కంప్యూటర్ వాడకం క్రమంగా పెరుగుతోంది. ఆధారగ్రంథం ఏ ముద్రణో తప్పక పేర్కొనే పరిశోధకులు, ఆ గ్రంథాన్ని లెక్కించిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో పేర్కొనడం అరుదు. డెబియన్, ఉబుంటు వ్యవస్థలు ఒక ప్యాకేజీ వెర్షన్‌ను ఎంచుకునే పద్ధతిని ఈ వ్యాసం పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలిస్తుంది. నకారపొల్లు అనే ఒక్క లిపిచిహ్నాన్ని ఉదాహరణగా తీసుకుని, వెర్షన్ ఎంపిక పరిశోధన ఫలితాన్నే మార్చగలదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: ప్యాకేజీ వెర్షన్, డెబియన్, ఆప్ట్, యూనికోడ్, నకారపొల్లు, ద్రుతం, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక:

వేమన పద్యాలను 1829లో ప్రచురించిన సి.పి. బ్రౌన్ అనేక ప్రతులను సేకరించి, పండితుల చేత సరిపోల్పించి పాఠాన్ని నిర్ణయించాడు. ఆయన నిర్ణయాలన్నింటితో మనం ఏకీభవించకపోవచ్చు. అయితే ప్రతులు ఎన్నో ఉన్నప్పుడు, వాటిలో దేన్ని, ఎందుకు ఎంచుకున్నామన్న ప్రశ్న తప్పించుకోరానిదన్న స్పృహ తెలుగు పరిశోధనకు అప్పటినుంచీ ఉంది. నేటికీ పరిశోధన గ్రంథంలో ఆధారప్రతిని, ముద్రణ సంవత్సరాన్ని, సంపాదకుని పేరును పేర్కొనకపోతే పరీక్షకులు అంగీకరించరు.

అదే పరిశోధకుడు ఆ కావ్యాన్ని పాఠ్యఫైలుగా మార్చి, పైథాన్ వంటి భాషలో రాసిన చిన్న ప్రోగ్రాముతో పదాలను లెక్కించినప్పుడు, 'పైథాన్ సహాయంతో లెక్కించడమైనది' అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాడు. ఇక్కడ పైథాన్‌ను కొలబద్ద వంటి మార్పులేని సాధనంగా భావిస్తున్నామన్నమాట. ఈ భావన సరైనది కాదు. సాఫ్ట్‌వేర్‌కు కూడా ప్రతులున్నాయి, వాటి మధ్య భేదాలున్నాయి, వాటిలో ఒకదానిని మన తరఫున ఎవరో ఎంపిక చేసి ఉంచారు. ఆ ఎంపిక ఎలా జరిగిందో వ్యవస్థ చెబుతుంది. అడిగినవారికి మాత్రమే చెబుతుంది.

2. 'అభ్యర్థి' ఎవరు?

డెబియన్, దాని నుంచి పుట్టిన ఉబుంటు వ్యవస్థల్లో ప్యాకేజీలను తెచ్చి అమర్చే సాధనం పేరు ఆప్ట్. 'ఆప్ట్ పాలసీ' అన్న ఆదేశానికి పక్కన ప్యాకేజీ పేరు చేర్చి అడిగితే అది మూడు విషయాలు చెబుతుంది. మొదటిది 'ఇన్‌స్టాల్డ్': ప్రస్తుతం వ్యవస్థలో ఉన్న వెర్షన్. రెండవది 'క్యాండిడేట్': ఇప్పుడు అమర్చమంటే వచ్చే వెర్షన్. మూడవది 'వెర్షన్ టేబుల్': తనకు తెలిసిన వెర్షన్లన్నీ, అవి ఏ భాండారంలో ఉన్నాయో, వాటి ప్రాధాన్య సంఖ్య ఎంతో తెలిపే పట్టిక. అమర్చి ఉన్న వెర్షన్ పక్కన మూడు నక్షత్ర గుర్తులుంటాయి.

పరిష్కరణ పరిచయమున్న పాఠకునికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. పైన స్వీకృత పాఠం, అడుగున పాఠాంతరాలు, ప్రతి పాఠాంతరం పక్కన అది ఏ ప్రతిలోనిదో తెలిపే సంకేతం ఉంటాయి. సంశోధిత ముద్రణలోని పుటకు ఉండే నిర్మాణమే ఇది.

అయితే 'క్యాండిడేట్' అన్న మాటను నిదానంగా చదవాలి. అభ్యర్థి అంటే ఎన్నిక కావలసినవాడు. ఇక్కడి అభ్యర్థి మాత్రం ఎన్నిక ముగిసిన తరువాత వచ్చినవాడు. వాడుకరి అడగకముందే కొన్ని నియమాల ప్రకారం ఎంపిక పూర్తవుతుంది. ఆ నియమాలను క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు: ఇప్పటికే ఉన్న వెర్షన్‌కు 100, మామూలు భాండారంలోని వెర్షన్‌కు 500, వాడుకరి తన లక్ష్య విడుదలగా ప్రకటించుకున్న దానిలోని వెర్షన్‌కు 990 ప్రాధాన్యం లభిస్తుంది. తరువాతి విడుదల నుంచి వెనక్కి తెచ్చి ఉంచే బ్యాక్‌పోర్ట్స్ భాండారానికి 100, ప్రయోగదశలోని ఎక్స్‌పెరిమెంటల్ భాండారానికి 1 మాత్రమే దక్కుతుంది. ప్రాధాన్యం ఎక్కువగా ఉన్నది గెలుస్తుంది. సమానమైతే సంఖ్యలో పెద్దదైన వెర్షన్ గెలుస్తుంది. ప్రాధాన్యాన్ని 1000 దాటిస్తే తప్ప ఉన్నదాని కన్నా పాతదానికి వ్యవస్థ తిరిగి వెళ్లదు.

వీటిలో మూడు లక్షణాలు విమర్శకు నిలుస్తాయి.

మొదటిది, ఈ ప్రాధాన్యం గుణనిర్ణయం కాదు. 500 పొందిన వెర్షన్ 100 పొందిన దానికన్నా శుద్ధమైనదని దీని అర్థం కాదు. అది ఏ భాండారం నుంచి వచ్చిందో ఆ భాండారానికి ఇచ్చిన స్థానం మాత్రమే. పాఠం మంచిచెడ్డలు చూడకుండా ప్రతికున్న పేరును బట్టి పాఠాన్ని స్వీకరించడం వంటిది ఇది.

రెండవది, వ్యవస్థ జ్ఞానానికి హద్దు ఉంది. మూలాల జాబితాలో వాడుకరి నమోదు చేసిన భాండారాలు, చివరిసారి 'ఆప్ట్ అప్‌డేట్' చేసినప్పుడు తెచ్చుకున్న సూచికలు, ఇప్పటికే అమర్చి ఉన్న వెర్షన్: దానికి తెలిసిన లోకం ఇంతే. ఆరు నెలలుగా అప్‌డేట్ చేయని కంప్యూటర్ ఆరు నెలల నాటి లోకాన్నే వర్తమానంగా చూపుతుంది. తన గ్రంథాలయంలో లేని ప్రతి అసలు లేదని భావించే సంపాదకుని పరిస్థితి వంటిదే ఇదీ.

మూడవది, పట్టిక ఎంపికను చూపుతుంది గాని కారణాన్ని చూపదు. వి.ఎస్. సుక్తాంకర్ మహాభారత ఆదిపర్వ సంశోధిత ముద్రణకు 1933లో రాసిన పీఠిక లేకపోతే, ఆ ముద్రణలోని అధోజ్ఞాపికలు ఎంత సమగ్రంగా ఉన్నా వాటి వెనుకనున్న తర్కం మనకు అందేది కాదు. ఆప్ట్‌కు పీఠిక లేకపోలేదు. ప్రాధాన్య నియమాలు ఒక మాన్యువల్ పుటలో ఉన్నాయి. ప్రతి ప్యాకేజీలోని మార్పుల చరిత్రను 'ఆప్ట్ చేంజ్‌లాగ్' ఆదేశం చూపుతుంది. కానీ పట్టిక ఒకచోట, పీఠిక మరోచోట ఉండటం వల్ల మొదటిదాన్ని చూసినవారు రెండవదాని జోలికి పోరు.

3. ఏది కొత్తది?

ప్రాధాన్యాలు సమానమైతే పెద్ద వెర్షన్ గెలుస్తుందన్నాం. పెద్దది అంటే ఏమిటి? డెబియన్ వెర్షన్ సంఖ్యలో మూడు భాగాలుండవచ్చు. 3.9.2-1 అన్న సంఖ్యలో అడ్డగీతకు ముందున్నది మూల రచయితలు ఇచ్చిన సంఖ్య. తరువాతి 1 డెబియన్ సంపుటీకర్తలు ఇచ్చిన సవరణ సంఖ్య. అరుదుగా వీటికి ముందు ఒక అంకె, రెండు చుక్కల గుర్తు ఉంటాయి. దానిని ఎపోక్ అంటారు.

పోలికలో అంకెల వరుసలను సంఖ్యలుగానే లెక్కిస్తారు కనుక 1.10 కన్నా 1.9 చిన్నది. దశాంశ సంఖ్యల అలవాటుతో చూసేవారు ఇక్కడే పొరబడతారు. టిల్డే గుర్తు (~) స్వభావం మరింత విచిత్రం. అది ఏమీ లేకపోవడం కన్నా ముందుది. అందువల్ల 1.0~ఆర్‌సీ1 అన్నది 1.0 కన్నా చిన్నది. తుది విడుదలకు ముందటి నమూనాను తుది విడుదల సహజంగా తొలగిస్తుంది. ఇక సంఖ్యల పద్ధతిలో మూల రచయితలే పొరపడితే దిద్దుకోవడానికి ఎపోక్ ఉంది. తేదీని వెర్షన్‌గా వాడుతూ వచ్చినవారు ఒకనాడు 1.0 నుంచి మొదలుపెడితే, ముందు '1:' చేర్చితే తప్ప వ్యవస్థ కొత్తదాన్ని కొత్తదని గుర్తించదు. ఒకసారి చేర్చిన ఎపోక్‌ను ఇక తీసివేయలేరు. ఒకనాటి పొరపాటు గుర్తు ఆ ప్యాకేజీ పేరు పక్కన శాశ్వతంగా నిలిచిపోతుంది.

దీని నుంచి తేలేది ఒకటి: వెర్షన్ల వరుస కాలక్రమం కాదు, అదొక అంగీకృత సంప్రదాయం. స్థిర విడుదలల్లో భద్రతా సవరణలు వచ్చినప్పుడు మూల సంఖ్యను అలాగే ఉంచి చివర '+డెబ్11యూ1' వంటి తోక చేరుస్తారు. నిన్న సవరించిన ప్యాకేజీ కూడా నాలుగేళ్ల నాటి మూల సంఖ్యతోనే కనిపిస్తుంది. అర్వాచీన ప్రతి అయినంత మాత్రాన హీనప్రతి కాదని పరిష్కరణ శాస్త్రం అంటుంది. పాత సంఖ్య అయినంత మాత్రాన పాత పాఠం కాదని ఇక్కడ చెప్పుకోవాలి.

4. ఒక పొల్లు, ఇద్దరు సాక్షులు:

ఇంతవరకు చెప్పినది సాంకేతిక నిపుణుల వ్యవహారమేనని పాఠకులు అనుకోవచ్చు. అది తెలుగు పరిశోధనను తాకే చోటును ఇప్పుడు చూద్దాం.

పాత ముద్రణల్లో పొల్లు నకారానికి ప్రత్యేకమైన లిపిచిహ్నం ఉండేది. దానినే నకారపొల్లు అంటాం. 'వచ్చెన్' అన్నదాన్ని 'వచ్చెౝ' అని ముద్రించేవారు. యూనికోడ్‌లో తెలుగు పట్టిక మొదటినుంచీ ఉన్నా అందులోని అక్షరాలన్నీ ఒకేసారి చేరలేదు. ౘ, ౙ, అవగ్రహం 2008 నాటి 5.1 వెర్షన్‌లోను, ౚ 2015 నాటి 8.0లోను వచ్చాయి. నకారపొల్లు 2021 సెప్టెంబరులో వెలువడిన 14.0లో చేరింది.

డెబియన్ 11 విడుదలైనది 2021 ఆగస్టులో, అంటే నకారపొల్లుకు యూనికోడ్‌లో స్థానం లభించడానికి ఒక నెల ముందు. దానిలోని పైథాన్ 3.9 యూనికోడ్ 13.0 పట్టికను మోస్తుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లోని పైథాన్ 3.11 మోసేది 14.0 పట్టిక. ఒకే ఫైలులోని ఒకే చిహ్నం గురించి అడిగితే మొదటిది 'కేటాయింపు లేని స్థానం' అంటుంది, రెండవది 'అక్షరం' అంటుంది.

విడుదల తేదీని చూసి ఊహించుకుందామన్నా కుదరదు. ఉబుంటు 22.04 వెలువడినది 2022 ఏప్రిల్‌లో, యూనికోడ్ 14.0 వచ్చిన ఏడు నెలలకు. అయినా దానిలోని పైథాన్ 3.10 తెచ్చుకున్నది 13.0 పట్టికనే. అదే వ్యవస్థలో ఉన్న ఐసీయూ గ్రంథాలయం వెర్షన్ 70, దానికి 14.0 పట్టిక తెలుసు. అంటే ఒకే కంప్యూటర్‌లో, ఒకే రోజున, ఐసీయూను అడిగితే నకారపొల్లు అక్షరం. పైథాన్‌ను అడిగితే కాదు. 'నా కంప్యూటర్ ఉబుంటు 22.04' అన్న సమాచారం కూడా చాలదని, ఏ ప్యాకేజీని సాక్ష్యం అడిగామో చెప్పాలని ఇది రుజువు చేస్తున్నది.

దీని ఫలితాన్ని పరిశీలిద్దాం. పైథాన్‌లో పదాలను విడదీయడానికి సాధారణంగా వాడే 'పదాక్షరం' సంకేతం తెలుగు గుణింతపు గుర్తులను పదభాగాలుగా గుర్తించదు. అందుచేత జాగ్రత్త గల పరిశోధకుడు యూనికోడ్ వర్గాలను చూసి, అక్షరాలను, గుర్తులను కలిపి పదంగా గ్రహిస్తూ, తక్కినవాటిని విరామాలుగా తొలగిస్తాడు. ఈ పద్ధతి సరైనదే. కానీ పైథాన్ 3.9లో, 3.10లో నకారపొల్లు 'తక్కినవాటి'లోకి పోతుంది. పదం మధ్యలో ఉంటే పదం రెండు ముక్కలవుతుంది. విరిగిన ముక్కలు జాబితాలో కంటబడతాయి కనుక ఆ దోషాన్ని పట్టుకోవచ్చు. పదాంతంలో ఉంటే అది మాయమవుతుంది. 'వచ్చెౝ' కాస్తా 'వచ్చె'గా లెక్కలోకి చేరుతుంది. 'వచ్చె' కూడా తెలుగులో సాధువైన రూపమే కనుక ఎవరికీ అనుమానం రాదు. ప్రోగ్రాము దోషసందేశం ఇవ్వదు.

పోయినది ఒక లిపిచిహ్నం మాత్రమే కాదు. తెలుగు వ్యాకరణంలో నకారమే ద్రుతం. ద్రుతాంతాలైన పదాలు ద్రుతప్రకృతికాలు, తక్కినవి కళలు. ఈ విభజనపైనే సరళాదేశ సంధి మొదలైనవి ఆధారపడి ఉన్నాయి. ఒక కావ్యంలో ద్రుతం ఎక్కడ నిలిచింది, ఎక్కడ లోపించింది అని గణించే పరిశోధకుడు, మూల ముద్రణకు విధేయంగా నకారపొల్లును నకారపొల్లుగానే టైపు చేయించాడనుకుందాం. డెబియన్ 11లో అతని పట్టిక ద్రుతలోపాన్ని నిజానికన్నా ఎక్కువగా చూపుతుంది. ఆ లోపం కవిది కాదు, లేఖకునిది కాదు, ముద్రాపకునిది కాదు. అది ప్యాకేజీ వెర్షన్ చేసిన లోపం. మూలానికి ఎంత విధేయంగా ఉంటే నష్టం అంత ఎక్కువ కావడం ఇందులోని వైపరీత్యం. పొల్లును మామూలు 'న్'గా మార్చి టైపు చేయించిన అజాగ్రత్తపరునికి ఏ ఇబ్బందీ ఉండదు.

5. ఎంపిక మార్గాలు, వాటి గుణదోషాలు:

దోషం తెలిసిన తరువాత దిద్దుకోవడానికి పలు దారులున్నాయి. ప్రతి దారికీ ఒక మూల్యం ఉంది.

వ్యవస్థనంతటినీ తరువాతి విడుదలకు మార్చడం మొదటిది. ఇది నిర్దుష్టమైనది. కానీ అప్పటివరకు వచ్చిన ఫలితాలన్నింటినీ మళ్లీ గణించాలి. లేకపోతే ఒకే సిద్ధాంతగ్రంథంలో రెండు అధ్యాయాలు రెండు వేర్వేరు వెర్షన్లపై నిలుస్తాయి.

కొత్త విడుదల భాండారాన్ని పాత వ్యవస్థ జాబితాలో చేర్చి, కావలసిన ఒక్క ప్యాకేజీని తెచ్చుకోవడం రెండవది. ఆప్ట్ దీనిని నిషేధించదు. కానీ ఒక ప్యాకేజీ తన ఆధారాలను, అవి తమ ఆధారాలను లాక్కొచ్చి వ్యవస్థను సంకరం చేస్తాయి. డెబియన్ వారు దీనికి 'ఫ్రాంకెన్‌డెబియన్' అని పేరుపెట్టి హెచ్చరించారు. రెండు శాఖల ప్రతులను చూసి రాసిన సంకీర్ణ ప్రతిని వంశవృక్షంలో ఎక్కడ ఉంచాలో తేలక పరిష్కర్త పడే ఇబ్బంది ఇటువంటిదే.

పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ నిర్మించుకుంటే చాలునన్న అభిప్రాయం ఉంది. అది ఉన్న పైథాన్‌నే వాడుతుంది గనుక అందులోని యూనికోడ్ పట్టిక మారదు. కొత్త పట్టికను మోసే బయటి మాడ్యూల్‌ను చేర్చుకోవడమో, డెబియన్ 12ను కంటైనర్‌గా విడిగా నడపడమో చేస్తే ఫలితం ఉంటుంది. కంటైనర్ వల్ల మూల వ్యవస్థ చెడదు. పరిశోధనకు వాడిన పరిసరాన్ని అలాగే భద్రపరచవచ్చు. వ్యక్తిగత పరిశోధకునికి ఇది మేలైన మార్గమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గణన మధ్యలో వెర్షన్ మారకుండా 'ఆప్ట్-మార్క్ హోల్డ్' అన్న ఆదేశంతో ప్యాకేజీని స్తంభింపజేయవచ్చు. అయితే భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి కనుక పని ముగియగానే దానిని విడిపించాలి.

చివరిది, ఏ ప్యాకేజీనీ మార్చకుండా పాఠాన్నే మార్చడం: గణనకు ముందు నకారపొల్లునంతటినీ 'న్'గా మార్చుకోవడం. ఖర్చు లేనిది, అన్ని వెర్షన్లలోనూ ఒకే ఫలితాన్ని ఇచ్చేది. కానీ ఇది పాఠసవరణ. మూల ముద్రణలో రెండు రూపాలూ ఉంటే వాటి భేదం చెరిగిపోతుంది. చేయవచ్చు గాని చేసినట్లు చెప్పాలి.

ఏ దారిని ఎంచుకున్నా, కావలసిన వెర్షన్ రేపు కూడా దొరుకుతుందన్న భరోసా లేదు. ప్యాకేజీ పేరు పక్కన సమానపు గుర్తుతో వెర్షన్ రాసి ఆప్ట్‌ను అడగవచ్చు. కానీ మామూలు భాండారం ప్రతి విడుదలకు తాజా వెర్షన్‌నే ఉంచుకుని పాతదాన్ని వదిలేస్తుంది. వదిలేసినవాటిని తేదీలవారీగా 2005 నుంచి భద్రపరుస్తున్న 'స్నాప్‌షాట్' నిధి డెబియన్‌కు ఉండటం పరిశోధకుల అదృష్టం. మన ప్రాచ్యలిఖిత గ్రంథాలయాలు తాళపత్రాలకు చేస్తున్న సేవను అది ప్యాకేజీలకు చేస్తోంది.

6. పోలికకు హద్దు:

పరిష్కరణతో ఈ పోలికను చివరివరకూ లాగరాదు. తాళపత్రప్రతుల విషయంలో కవి స్వహస్తప్రతి నశించింది. ఉన్న సాక్ష్యాల నుంచి దానిని ఊహించాలి. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వెర్షన్ మూలమూ లభిస్తుంది, దాని వంశక్రమమూ తెలుసు. లేఖకదోషాలకు ఇక్కడ తావు దాదాపు లేదు. కనుక కోల్పోయిన పాఠాన్ని పునర్నిర్మించడం ఇక్కడి సమస్య కాదు. అన్నీ లభిస్తున్నప్పుడు మనం చదివినది ఏదో చెప్పకపోవడమే సమస్య. తాళపత్రాల పరిష్కర్తకు సాక్ష్యాల కొరత ఉండేది. మనకున్నది సాక్ష్యం నమోదు చేయని అలవాటు. మొదటిది కాలం చేసిన నష్టం కాగా రెండవదానికి పరిశోధకుడే బాధ్యుడు.

7. ఉపసంహారం:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఆప్ట్ చూపే 'అభ్యర్థి' వెర్షన్ గుణనిర్ణయం వల్ల కాక, భాండారాలకు ఇచ్చిన ప్రాధాన్యం వల్ల ఎంపికైనది. దానిని ప్రశ్నించే, మార్చే అధికారం వాడుకరికి ఉంది.

2. వెర్షన్ సంఖ్య గాని, విడుదల తేదీ గాని ఆ ప్యాకేజీకి ఏ అక్షరాలు తెలుసో చెప్పలేవు. ఆ విషయాన్ని విడిగా అడిగి తెలుసుకోవాలి. పైథాన్ అయితే తన యూనికోడ్ పట్టిక వెర్షన్‌ను తానే చెబుతుంది.

3. నకారపొల్లు ఉదాహరణలో వెర్షన్ భేదం ద్రుత గణననే తారుమారు చేయగలదు. దోషసందేశం రాకపోవడం ఫలితం సరైనదనడానికి ప్రమాణం కాదు.

4. కంప్యూటర్ గణనపై ఆధారపడిన సిద్ధాంతగ్రంథాల్లో నాలుగు వివరాలు ఉండాలి: వ్యవస్థ విడుదల, సవరణ సంఖ్యతో సహా ప్యాకేజీ పూర్తి వెర్షన్, అది వాడిన యూనికోడ్ పట్టిక వెర్షన్, గణన జరిగిన తేదీ. గణనకు ముందు పాఠంలో చేసిన మార్పులను వీటి పక్కనే పేర్కొనాలి.

ఈ నాలుగు వివరాలకు మూడు పంక్తులకు మించి స్థలం పట్టదు. అవి లేనప్పుడు, ఒక కావ్యంలో ద్రుతం ఇన్నిసార్లు లోపించిందన్న పట్టికను చూసి, ఆ లోపం కావ్యంలో ఉందో కంప్యూటర్‌లో ఉందో తరువాతి పరిశోధకుడు తేల్చుకోలేడు. ఏ ముద్రణ ఆధారమని విద్యార్థిని ప్రశ్నించే పర్యవేక్షకులు, ఏ వెర్షన్ ఆధారమని కూడా ప్రశ్నించవలసిన సమయం వచ్చింది.